గవరమ్మ నియమం

జ్యేష్ఠం, సోమవారం

ఈ రోజు కూడా ఎక్కడా ఏదీ కూలలేదు. ఆఫీసులో అందరం ఒకరి మొహాలొకరం చూసుకుంటూ కూర్చున్నాం.

మాది పతనానుభవ శాఖ. మెట్టపట్నం జనం నోట్లో కూలుడాఫీసు. ఏదైనా భవనం కూలితే వెళ్ళి, ఎందుకు కూలిందో చూసి, ఇకమీదట అలా కట్టకూడదని ఒక వాక్యం రాయడం నా ఉద్యోగం. కూలకపోతే రాయకూడదు. పాత పట్నాన్ని సముద్రం మింగాక కొండమీద ఈ ఊరు కట్టిన పెద్దలు పెట్టిన పద్ధతి ఇది. ఊహించి నియమాలు రాస్తే కట్టేవాళ్ళ ఉత్సాహం చచ్చిపోతుందట. మనుషులు చావొచ్చు గాని ఉత్సాహం చావకూడదు కదా.

ఒక్కో నియమానికీ కూలిన భవనం పేరు పెడతారు. స్తంభాల మధ్య ఎంత ఎడం ఉండాలో చెప్పేది అచంచల రెసిడెన్సీ నియమం. డాబా మీద ఈతకొలను కట్టకూడదనేది శాశ్వత్ టవర్స్ నియమం. నిశ్చింత అపార్ట్‌మెంట్స్ పేరిట ఏకంగా మూడు నియమాలున్నాయి, అది మూడు విడతలుగా కూలింది కాబట్టి. గృహప్రవేశాల్లో పాలు పొంగాక పురోహితుడు ఈ పేర్లన్నీ వరసగా చదువుతాడు. అందరూ అక్షింతలు పట్టుకుని భక్తిగా వింటారు. కొత్తగా ఏదైనా కూలితే ఓ పేరు పెరుగుతుంది, భోజనాలు కాస్త ఆలస్యమవుతాయి. భవనాలు కూలడం గురించి మా ఊళ్ళో జనానికున్న ఫిర్యాదల్లా అదే.

సాయంత్రం ఇంటికొస్తే పడగ్గది తలుపు పట్టేసింది. వడ్రంగిని పిలిస్తే చిత్రిక పట్టి వెళ్ళాడు. మా ధ్రువతార నివాస్‌లో ఈ నెలంతా అతనికి ఇదే పని, ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక తలుపు పడటం లేదు. చెమ్మకి చెక్క ఉబ్బిందన్నాడు. వాన చినుకు చూసి నాలుగు నెలలైంది.

జ్యేష్ఠం, బుధవారం

మా గవరమ్మత్త ధ్రువతార సెల్లారులోనే టిఫిన్లమ్ముతుంది. నాన్నకి అక్క. పాత పట్నంతో పాటు అమ్మానాన్నా కూడా సముద్రంలో కలిసిపోతే నన్ను చంకనేసుకుని కొండెక్కింది. అప్పట్నుంచి ఆవిడే నాకు అమ్మ, నాన్న, ఇంకా అవసరమైతే పోలీసు.

చట్నీకి కొబ్బరికాయలు ఆవిడ సెల్లారు స్తంభానికేసి కొడుతుంది. ఎన్నో ఏళ్ళుగా అదే అలవాటు. ఈ పొద్దున కొడితే కాయ పగల్లేదు. స్తంభానికి లొత్త పడింది. అత్త కాయని అనుమానించి ఇంకోటి తీసుకుంది. నేను స్తంభాన్ని అనుమానించి తట్టి చూశాను. లోపల డొల్లగా మోగింది. ఒక్కొక్కటే తట్టుకుంటూ వెళ్ళాను. అన్నీ అలాగే మోగాయి. ఆఖరిది కూడా తట్టి, అక్కడే ఇడ్లీ బల్ల మీద కూర్చున్నాను.

మా భవనం, మా ఊళ్ళో కొత్తవన్నీ కూడా, మానుడు సిమెంటుతో కట్టినవే. ఆ సిమెంటులో కంటికి కనపడని జీవాలుంటాయి. పగులిస్తే సున్నం పోగుచేసి తెల్లారేసరికి పూడ్చేస్తాయి, పుండు మానినట్టు. అందుకే ఇక్కడ గోడ మీద పగులు చూసిన పిల్లలు లేరు. కానీ ఆ సున్నం ఎక్కణ్ణుంచి వస్తోందని ఎవరూ అడగలేదు. మేం అడక్కుండా పైన అంతస్తు మీద అంతస్తు వేసుకుంటూ పోయాం. బరువుకి పైన పగుళ్ళిస్తున్నాయి. పైన పూడ్చడానికి ఆ జీవాలు కింది స్తంభాల్లోంచి సున్నం తోడేస్తున్నాయి. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పైగా ఈ దొంగకి మేమే శాలువా కప్పి సన్మానం చేసి పెట్టాం.

జ్యేష్ఠం, శుక్రవారం

మా డైరెక్టర్ వేదుల కామేశం గారికి విషయం చెప్పాను. మర్యాదగా, కుర్చీ వేయించి మరీ విన్నారు.

"ఏ భవనం కూలిందమ్మా?" అని అడిగారు.

ఇంకా కూలలేదన్నాను.

"మరి నీకెలా తెలిసింది?"

స్తంభాలు చూశాను సార్, డొల్లగా ఉన్నాయి అన్నాను.

"నువ్వు చూసింది స్తంభాల్ని. కూలడాన్ని కాదు. అది చూశాక రా, నేనే దగ్గరుండి రాయిస్తాను. మన నియమాలు నెత్తురుతో రాసినవమ్మా. పక్క దేశాల్లోలా పెన్సిలుతో రాసినవి కావు."

ఇది ఆయన ప్రతి సభలోనూ చెప్పే మాటే. ఎప్పుడు చెప్పినా చప్పట్లు పడతాయి. ఈసారి ఎదురుగా ఉన్నది నేనొక్కదాన్నే కాబట్టి కొంచెంసేపు ఆగి చూశారు. నేను కొట్టలేదు.

అయినా నా తృప్తి కోసం తనిఖీకి మనుషుల్ని పంపించారు. తనిఖీ అంటే పగుళ్ళు వెతకడం. పగుళ్ళు లేని భవనం పదిలం అనేది మా పుస్తకంలో అన్నిటికంటే పాత నియమం, ఎందుకంటే అప్పట్లో కూలినవన్నీ పగిలే కూలాయి. వాళ్ళు వెతికారు. ఒక్కటి దొరికితే ఒట్టు. ధ్రువతార నివాస్‌కి అయిదు నక్షత్రాల పత్రం ఇచ్చి, అత్త దగ్గర పెసరట్లు తిని వెళ్ళారు.

జ్యేష్ఠం, ఆదివారం

అసోసియేషన్ మీటింగు. అయిదు నక్షత్రాలొచ్చిన ఆనందంలో ప్రెసిడెంటు సింహాద్రినాయుడు గారు డాబా మీద ఇంకో అంతస్తు, దాని నిండా ఫంక్షన్ హాలు ప్రకటించారు. పాపం మంచాయన. ఎవరింట్లో పెళ్ళయినా పందిరి రాటలు దగ్గరుండి పాతించే మనిషి. ఆ హాల్లో మొదటి శుభకార్యంగా భవనంలోని కుటుంబాలన్నీ ఒకేసారి కూర్చుని భోంచెయ్యాలని ఆయన కోరిక.

నేను లేచి చెప్పాల్సిందంతా చెప్పాను. అందరూ విన్నారు. తర్వాత నాయుడు గారు నెమ్మదిగా అన్నారు: "రత్నమ్మా, నువ్వు సెప్పింది నిజమే అనుకుందుం. మరి మా ఫ్లాట్లు ఎవుడు కొంతాడు?"

కూలిపోయిన ఫ్లాట్లు ఎవడు కొంటాడని ఎదురడగొచ్చు గాని, కూలలేదు కదా, అది ఊహ అవుతుంది. ఊహలతో జనాన్ని భయపెట్టడం నేరమని రెండో అంతస్తు ప్లీడరు గారు ప్రేమగా గుర్తుచేశారు.

కిందకొచ్చి అత్తతో మనిద్దరం వెళ్ళిపోదామన్నాను. ఆవిడ పిండి రుబ్బుతూనే విన్నది.

"ఈలందరూ ఈడుండగా నానెలిపోతే టిపినెవులికి అమ్మను?" అంది. ఇంకో గుప్పెడు పప్పు రోట్లో వేసి, "పైనున్న గుంటల్ని సూసినావా? పొద్దుట అట్టు నేకపోతే బడికెల్రు" అంది.

నాకు ఏడుపొచ్చింది. అందరూ దిగితే గాని ఈవిడ దిగదు. నియమం ఉంటే గాని అందరూ దిగరు. భవనం కూలితే గాని నియమం రాదు. అది కూలినప్పుడు అన్నిటికంటే కింద ఉండేది మా అత్త.

ఆషాఢం, మంగళవారం

మొత్తానికి ఒకందుకు మా పంచాంగానికి దండం పెట్టాలి. హాలుకి కప్పు వేయడం అయిపోయింది, రంగులు కూడా వేసేశారు. కానీ ఆషాఢంలో గృహప్రవేశాలు చెయ్యరు. మెట్టపట్నంలో ఇంజనీరు మాట వినని వాడున్నాడు గాని పురోహితుడి మాట వినని వాడు లేడు. శ్రావణం దాకా ఆ హాల్లో ఎవరూ అడుగు పెట్టరు. అప్పటిదాకా నాకు గడువు.

ఆఫీసులో పని లేకపోవడం కూడా కలిసొచ్చింది. మా పుస్తకం మొదటిసారి మొదటి పేజీ నుంచి చదివాను. భవనం అంటే పునాది, నాలుగు స్తంభాలు, కప్పు, ఒక చిరునామా ఉన్న కట్టడం అని ఉంది. ఎంత ఎత్తుండాలో లేదు. పొట్టిగా ఉన్నందుకు ఇంతవరకు ఏ భవనమూ కూలలేదు కాబట్టి ఎవరూ రాయలేదు.

మా వీధి చివరి ఖాళీస్థలంలో మానుడు సిమెంటుతో నాలుగు స్తంభాలు లేపి కప్పు వేయించాను. అత్త నిలబడితే తలకి తగిలేంత ఎత్తు. గుమ్మానికి గవరమ్మ భవనం అని బోర్డు పెట్టి, అత్త చిరునామా అక్కడికి మార్పించాను. ఇంత వయసొచ్చాక సొంతిల్లు అమరిందని అత్త వచ్చి పసుపు రాసి వెళ్ళింది.

ఆషాఢం, శనివారం

కప్పు మీద రోజూ బరువు పెంచుతున్నాను. మొదట ఇసక బస్తాలు, తర్వాత వాడ వాళ్ళందరి పాత రుబ్బురోళ్ళు. అసోసియేషన్లు అంతస్తులు వేసినంత శ్రద్ధగా వేస్తున్నాను. సాయంత్రం కప్పు పగులుతోంది, పొద్దున్నకి చక్కగా మానిపోతోంది. పైనుంచి చూస్తే పెళ్ళికూతురిలా ఉంది. స్తంభాల అడుగున తడితే బోలు చప్పుడు.

నేను రోళ్ళు ఎక్కించడం చూసి దారిన పోయేవాళ్ళు జాలిపడుతున్నారు. ఉద్యోగం లేక ఇలా అయిపోయింది పాపం అనుకుంటున్నారట. ఉద్యోగం ఉండే ఇలా అయిపోయానని వాళ్ళకెలా చెప్పను.

ఆషాఢం, గురువారం

గవరమ్మ భవనం కూలింది.

పొద్దున్న టిఫిన్ల వేళ. పెద్ద చప్పుడు కూడా లేదు. నాలుగు కాళ్ళూ ఒకేసారి చతికిలబడ్డాయి, రోళ్ళు దొర్లాయి, నీడన పడుకున్న కుక్క లేచి ఒళ్ళు దులుపుకుని ఇంకో నీడకి పోయింది. స్తంభాలు విరిగిన చోట లోపల గుల్ల, మరమరాల ఉండలా. నేను రోడ్డు మీదే గెంతాను. ఇన్నేళ్ళ సర్వీసులో ఎవరూ చావని పతనం చూడటం నాకిదే మొదటిసారి.

ఆ ముక్కలు పట్టుకుని ఆఫీసుకి పరిగెత్తాను. కామేశం గారు ముక్కని అటూ ఇటూ తిప్పి చూశారు. మెచ్చుకున్నారు కూడా. ఎంతమంది పోయారని అడిగారు. ఎవరూ పోలేదన్నాను. ఆయన ముక్కని బల్ల మీద పెట్టేశారు.

"నష్టం లేకపోతే అది అనుభవం ఎలా అవుతుందమ్మా? ప్రయోగం అవుతుంది. ప్రయోగాలు మన పద్ధతి కాదు."

ఆయన కోప్పడలేదు. అసలు ఆయనెప్పుడూ కోప్పడరు. ఆ క్షణాన నాకు మాత్రం ఆ రుబ్బురోళ్ళలో ఒకటి తెచ్చి ఉంటే బాగుండేదనిపించింది.

ఆషాఢం, శుక్రవారం

జరిగింది అత్తకి చెప్పాను. ఆవిడ అట్టు తిరగేసింది.

"ఆ ఇంటి సిరునామా ఎవుల్ది?"

నీదే అన్నాను.

"ఇల్లు కూలిపోనాది. ఇంట్ల మనిసి సచ్చిపోనాదనీసి రాసీ. దీనికింత ఏడుపేటి?"

కుదరదని చెప్పబోయి ఆగాను. కుదురుతుంది. శాశ్వత్ టవర్స్ కూలినప్పుడు చాలామంది దేహాలు దొరకలేదు, అందుకు ఒక నియమం చేశారు. కూలిన ఇంటి చిరునామాదారు పేరున శిథిలాల మీద నోటీసు అంటించాలి. గడువులోగా ఆ మనిషి మా ఆఫీసుకి స్వయంగా వచ్చి హాజరు కాకపోతే చనిపోయినట్టే లెక్క. అత్త చెయ్యాల్సిందల్లా మా ఆఫీసుకి రాకపోవడం. ఆవిడ జన్మలో ఎప్పుడూ రాలేదు.

చచ్చిపోతే రేషను ఆగిపోతుంది, ఓటు పోతుంది, ఆస్పత్రి చీటీ చెల్లదు, మళ్ళీ బతికే నియమం మా పుస్తకంలో లేదు అని చెప్పాను. వద్దు అత్తా అని బతిమాలాను.

"ఆ గుంటలు సచ్చిపోతే మల్లా బతికే నియమముందేటి?" అంది.

అప్పటికప్పుడు నోటీసు అంటించాను. జిగురంతా బట్టల నిండా అయింది.

ఆషాఢం, బుధవారం

ఈ రోజుతో నోటీసు గడువు తీరింది. కామేశం గారు శిథిలాలు చూడటానికి స్వయంగా వచ్చారు. ఎండకి అలిసిపోయి సెల్లారులో అత్త దగ్గరే రెండిడ్లీ తిన్నారు. అల్లప్పచ్చడి బాగుందని మారు వడ్డించుకున్నారు. ఆవిడే గవరమ్మ అని ఆయనకి తెలుసు, ఆవిడ చెప్పింది కూడా. ఆయన ఏమాత్రం తొణకలేదు. ఈమె ఇక్కడ హాజరైంది గాని కార్యాలయంలో హాజరు కాలేదు, కాబట్టి మరణం ధ్రువీకరించడమైనది అని రాసి, చెయ్యి కడుక్కుని సంతకం పెట్టారు. వెళ్తూ వెళ్తూ నాకు సంతాపం తెలిపారు.

నియమం వచ్చింది. మానుడు సిమెంటు భవనాల అడుగు స్తంభాలు డొల్లగా మోగితే వెంటనే ఖాళీ చెయ్యాలి. నేనే రాశాను. పేరు గవరమ్మ నియమం.

శ్రావణం, శుక్రవారం

ధ్రువతార ఖాళీ అయింది. తిట్లన్నీ నాకే. సామాన్లతో దిగుతూ ప్రతివాళ్ళూ ఓ శాపం పెట్టి వెళ్ళారు, ప్లీడరు గారైతే రెండు. అందరూ వెళ్ళారని చూసుకుని ఆఖర్న అత్త పొయ్యి తీసుకుని బయటికొచ్చింది. వీధి చివర, తను చచ్చిపోయిన స్థలంలోనే టార్పాలిన్ కట్టుకుని అట్లు మొదలెట్టింది.

శ్రావణం, ఆదివారం

హాలు ప్రారంభానికి పెట్టుకున్న ముహూర్తం ఈ రోజే. సరిగ్గా భోజనాల వేళకి ధ్రువతార కూలింది.

మేమంతా వీధి చివరే ఉన్నాం. కింది నుంచి కుంగింది. అంతస్తులు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. దుమ్ము తగ్గాక పైన హాలు కప్పు ఒక్కటే చెక్కుచెదరకుండా నేలమీద ఉంది, ఒక్క పగులు లేకుండా. నాయుడు గారు దాన్ని చూసి, పక్కన నిలబడ్డ పిల్లల్ని చూసి, రోడ్డు మీదే కూలబడి గట్టిగా ఏడ్చారు. తర్వాత లేచొచ్చి అత్త కాళ్ళు పట్టుకున్నారు. పోయినవాళ్ళ కాళ్ళు మొక్కకూడదు బాబూ అని ఆవిడ లేపింది. నేనూ ఏడ్చాను. ఇంతమంది బతికుండటం ఎంత చూసినా నాకు తనివి తీరలేదు.

శ్రావణం, గురువారం

నియమాల కమిటీ కూర్చుంది. ధ్రువతార కూలింది గాని అందులో ఎవరూ చావలేదు. కాబట్టి ఈ రకంగా కూలడం ప్రాణాంతకం కాదని అనుభవపూర్వకంగా రుజువైందని తేల్చారు. గవరమ్మ మరణం ఒక్క భవనానికే సరిపోతుందట. మిగతా భవనాలకి వేటి అనుభవం వాటికి ఉండాలట. గవరమ్మ నియమాన్ని ధ్రువతార నివాస్‌కి మాత్రమే పరిమితం చేశారు. లేని భవనానికి అది ఇప్పుడు తు.చ. తప్పకుండా అమలవుతోంది.

టార్పాలిన్ దగ్గరికొచ్చేసరికి అత్త జ్వరంతో మూలుగుతోంది. ఆస్పత్రికి తీసుకెళ్తే చీటీ చూసి, ఈవిడ పోయారు కదండీ అన్నారు. కళ్ళెదురుగా దగ్గుతోంది. పోయినవాళ్ళని చేర్చుకోవడానికి లేదన్నారు. అక్కడ నేను అరిచిన అరుపులకి వాచ్‌మన్ వచ్చి బయటికి నడిపించాడు. నాయుడు గారు ఎక్కణ్ణుంచో ఒక డాక్టర్ని పట్టుకొచ్చి టార్పాలిన్ కిందే సూది వేయించారు. ఆ పూటంతా ఆవిడ పక్కన కూర్చుని మా శాఖని పుట్టుపూర్వోత్తరాలతో సహా తిట్టాను. ఆవిడ కోలుకుంటోంది.

భాద్రపదం, సోమవారం

అత్త లేచి మళ్ళీ పొయ్యి వెలిగించింది. అవతలి వీధి స్వర్ణకలశ హైట్స్ నుంచి ఒకావిడ వచ్చి అట్టు తిని కదలకుండా కూర్చుంది. వాళ్ళింట్లో తలుపులు పడటం లేదట. చివరికి, "అమ్మా, సచ్చిపోవాలంటే ఏటి సెయ్యాలి?" అని అడిగింది. అత్త చెప్పింది. ఖాళీస్థలంలో నాలుగు స్తంభాలు లేచాయి.

భాద్రపదం, శుక్రవారం

ఇప్పుడు ఆ స్థలం నిండా పొట్టి భవనాలే. ప్రతి కప్పు మీదా రుబ్బురోళ్ళు. ప్రతి అపార్ట్‌మెంటు వాళ్ళూ తమలోంచి ఒకరిని ఎంచుకుని చంపుకుంటున్నారు. ఎక్కువమంది ఆడవాళ్ళే ముందుకొస్తున్నారు. చచ్చినవాళ్ళకి రేషను మిగతా అంతస్తులవాళ్ళు వంతులేసుకుని ఇస్తున్నారు. నాయుడు గారు పోయినవాళ్ళ కోసం ఒక డాక్టర్ని కుదిర్చారు, ఇప్పుడాయనకి పందిరి రాటలకంటే అదే పెద్ద పని. భవనాలు ఖాళీ అవుతున్నాయి, పాత పద్ధతిలో ఇటుకతో కొత్తవి లేస్తున్నాయి. ఇంత అనుభవం ఏ ఏడూ రాలేదని మా శాఖకి అవార్డు ఇచ్చారు. కామేశం గారు వేదిక మీద నెత్తురు గురించి మాట్లాడారు.

భాద్రపదం, ఆదివారం

పొద్దున్నే టార్పాలిన్ కింద కామేశం గారు కనిపించారు. కారు దూరంగా ఆపి నడిచొచ్చారు. ఇడ్లీ పెట్టించుకున్నారు గాని తినలేదు. మనవరాలి గది తలుపు పడటం లేదని చెప్పారు. స్తంభం తట్టి చూశారట. వాళ్ళ భవనంలో అందరూ పెద్ద పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు, చావడానికి ఎవరికీ వీలు పడటం లేదు. చనిపోయినవాళ్ళు డైరెక్టరుగా ఉండటానికి లేదని ఆయనకి నేను చెప్పక్కర్లేదు.

కూలాక రండి సార్ అందామని నోటిదాకా వచ్చింది. ఇన్ని నెలలుగా అట్టిపెట్టుకున్న మాట. ఆయన చేతిలో చిన్న పిల్ల చెప్పుల జత ఉంది. తొందరలో ఎందుకు పట్టుకొచ్చారో ఆయనకే తెలిసినట్టు లేదు. నేను చిరునామా మార్పు కాగితం తెచ్చి ముందు పెట్టాను.

ఆయన పెన్ను తీశారు. కాగితం మీద ఆనించి ఉంచేశారు. ఎంతకీ కదలదు. అత్త ఆయన చల్లారిన ఇడ్లీలు తీసేసి, వేడివి వేసి, పక్కన కూర్చుంది.

"బయపడకు బాబూ," అంది. "మొదటి రోజే కష్టం. తరవాత అలవాటైపోద్ది."